ఏడేళ్లు నడిపిన లాన్ కోత మిషన్: ఇంజిన్ చూసి కాదు, వంచి కింద చూసి కొనండి

హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు గేటెడ్ కమ్యూనిటీల్లో, కొన్ని విల్లాల్లో తోటల మెయింటెనెన్స్ చేస్తాను. ఇప్పుడు చెప్పబోయే మిషన్ 2018 జూన్‌లో కొన్నది. 163 సీసీ ఫోర్ స్ట్రోక్ పెట్రోల్ ఇంజిన్, 21 అంగుళాల కోత, అల్యూమినియం పోత డెక్ (బ్లేడు మీద కప్పులా ఉండే భాగం), వెనక గడ్డి పడే సంచి, లివర్ నొక్కితే దానంతటదే ముందుకు నడిచే రకం. జీఎస్టీతో 60 వేలు దాటింది. వానాకాలంలో వారానికి 6 రోజులు, రోజుకు 4-5 గంటలు నడుస్తుంది, ఎండాకాలంలో అందులో సగం. ఇంటి ముందు చిన్న లాన్ నెలకోసారి కోసుకునేవాళ్లకు ఇంత మిషన్ అక్కర్లేదు, దీని మీదే బతికేవాళ్ల కోసం రాస్తున్నాను.

దీనికి ముందు ఇందులో సగం ధరకు వచ్చిన మిషన్ వాడాను, ఇనుప రేకు డెక్‌ది. తడి గడ్డి డెక్ కింద అతుక్కుపోతుంది, సాయంత్రం గీకకుండా వదిలేస్తే రాత్రంతా అక్కడే పులిసి పెయింట్ లేచిపోతుంది, ఇక తుప్పు మొదలు. రెండో వానాకాలానికే వెనక చక్రం దగ్గర రేకు చిరిగి, పని మధ్యలో చక్రం ఊడి చేతికొచ్చింది. ఇంజిన్ మాత్రం ఆ రోజు కూడా ఒక్క లాగుకే స్టార్ట్ అయింది. అప్పుడు అర్థమైంది నాకు, షాపులో అందరం ఎన్ని హార్స్‌పవర్ అని అడుగుతాం కానీ ముందు పాడయ్యేది ఇంజిన్ కాదు, డెక్, చక్రాలు, కేబుళ్లు.

అందుకే షాపులో మిషన్‌ని పక్కకు వంచి కింద చూపించమని అడగండి. వంచేటప్పుడు ఎయిర్ ఫిల్టర్ ఉన్న వైపు పైకి ఉండాలి, తిరగేసి వంచితే ఆయిల్ ఫిల్టర్‌లోకి, కార్బొరేటర్‌లోకి వచ్చేస్తుంది, ఆ సంగతి కూడా తెలియకుండా అమ్ముతున్నాడంటే రేపు సర్వీస్ ఎలా చేస్తాడో మీరే ఆలోచించుకోండి. డెక్ పోత పోసిందా, రేకుదా? చక్రాల్లో బాల్ బేరింగులున్నాయా, వట్టి ప్లాస్టిక్ బుష్షా? ఎత్తు మార్చే లివర్ గట్టిగా పడుతోందా? ఈ మూడూ చూశాకే ఇంజిన్ సంగతి అడగండి.

కోత ఎలా వస్తుందనేది గడ్డిని బట్టి ఉంటుంది. నా సైట్లలో ఎక్కువగా మెక్సికన్ గడ్డి, సెలెక్షన్ వన్ ఉంటాయి. సెలెక్షన్ వన్ గరిక జాతిదే, జూలై వానలు పడ్డాయంటే పట్టలేం. ఎప్పుడు కోసినా ఉన్న ఎత్తులో మూడో వంతుకు మించి తీయకూడదు, అంటే అంగుళంన్నర ఉంచాలనుకుంటే రెండుంపావు దాటకముందే కోయాలి. కానీ కాంట్రాక్టులో నెలకు రెండే కోతలు రాసుకుంటారు, మనం వెళ్లేసరికి గడ్డి 4 అంగుళాలుంటుంది. ఒక్కసారే కిందికి దించితే పచ్చ ఆకంతా పోయి పసుపు కాడలు బయటపడతాయి, ఫోన్ మీద ఫోన్. ఇలాంటప్పుడు మొదటి రోజు ఎత్తులో కోసి, మూడు నాలుగు రోజులాగి కిందికి దించుతాను. లివర్ ఒక్క చేత్తో మారే మిషన్ విలువ అక్కడ తెలుస్తుంది. నాలుగు చక్రాలకూ విడివిడిగా పిన్నులు మార్చాల్సి వస్తే కుర్రాళ్లు మార్చరు, అదే ఎత్తులో కోసేస్తారు.

రీల్ మిషన్, అంటే డ్రమ్ములా దొర్లే బ్లేడ్లున్నది, తీసుకోవాలా అని కొందరు అడుగుతుంటారు. ఇంగ్లండ్‌లో ఎడ్విన్ బడ్డింగ్ 1830లో పేటెంట్ తీసుకున్న మొదటి గడ్డి మిషనే రీల్ రకం, బట్టల మిల్లులో ఉన్ని బట్ట మీద నూగు కోసే మిషన్ చూసి తయారుచేశాడు. ఇప్పటికీ అదే పద్ధతి, కత్తెరలా కోస్తుంది, గోల్ఫ్ గ్రీన్లలో అదే వాడతారు. కానీ నేల చదునుగా ఉండాలి, రాయి ఉండకూడదు, గడ్డి పొట్టిగా ఉన్నప్పుడే కోయాలి. మన విల్లాల లాన్లలో టైల్స్ ముక్కలు, గ్రానైట్ చిప్స్ ఎప్పుడూ ఉండేవే, కాబట్టి నేను రోటరీయే, అంటే నా మిషన్‌లా డెక్ కింద బ్లేడు ఫ్యాన్‌లా తిరిగేదే, తీసుకోమంటాను.

రోటరీ కోయదు, వేగంతో కొట్టి తెంపుతుంది. బ్లేడు మొద్దుబారితే గడ్డి కొసలు పీచులా చీలి రెండు రోజుల్లో గోధుమరంగుకు తిరుగుతాయి, లాన్ మీద తెల్లటి పొర కప్పినట్టుంటుంది. యూరియా ఎక్కువేశారా అని నన్ను చాలాసార్లు అడిగారు, ప్రతిసారీ తప్పు బ్లేడుదే. 20 గంటల పనికోసారి సాన పట్టిస్తాను. సాన పట్టాక గోడకు మేకు కొట్టి బ్లేడు మధ్య రంధ్రాన్ని దానికి తగిలించి చూస్తాను, ఒక వైపు వాలితే ఆ వైపు ఇంకొంచెం రుద్దాలి. బరువు సరిపోని బ్లేడుతో అరగంట నడిపితే చేతులు తిమ్మిరెక్కుతాయి, లోపల బేరింగులు అరుగుతాయి. రెండు బ్లేడ్లు పెట్టుకోండి, ఒకటి మిషన్‌కి, ఒకటి సానకి. బ్లేడు ముట్టుకునే ముందు స్పార్క్ ప్లగ్ క్యాప్ పీకడం మా దగ్గర తప్పనిసరి, ఇందులో ఎవరికీ మినహాయింపు లేదు.

2020లో ఒకసారి బ్లేడు స్ప్రింక్లర్ పక్కనున్న రాయికి తగిలి ఇంజిన్ ఠక్కున ఆగిపోయింది. ఎన్ని లాగులు లాగినా స్టార్ట్ కాదు, తాడు వెనక్కి గుంజేస్తోంది. ప్లగ్ బాగుంది, పెట్రోల్ వస్తోంది. మెకానిక్ కార్బొరేటర్ మార్చాడు, అయినా లేదు. నాలుగు రోజులు పోయాక ఇంకో మెకానిక్ చూసి ఫ్లైవీల్ కీ తెగి ప్లగ్ నిప్పురవ్వ టైమింగ్ తప్పిందన్నాడు. ఇంజిన్ ఫ్లైవీల్‌ని షాఫ్ట్‌కి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క, ధర చాలా తక్కువ, కానీ నాలుగు రోజుల కూలీ పోయింది, రెండు సైట్ల వాళ్లతో మాటలు పడ్డాను. మీ మిషన్ కూడా రాయికి తగిలాక స్టార్ట్ కాకపోతే ముందు అదే చూడమనండి. ఇంకోసారి రాయి ఎగిరి పార్కింగ్‌లో కారు అద్దం పగిలింది, 11 వేలు కట్టాను. అప్పటి నుంచి కోతకు ముందు లాన్ అంతా ఒక చుట్టు నడిచి రాళ్లు ఏరాల్సిందే, చెప్పులతో ఎవరూ మిషన్ పట్టుకోకూడదు, బూట్లు నేనే కొనిస్తాను.

ఈ మిషన్‌లో నాకు నచ్చనిది నడిపించే గేర్లు. ఎర్రమట్టి వెనక చక్రాల పళ్లలోకి చేరి అరగదీస్తుంది, ఏడేళ్లలో రెండుసార్లు మార్చాను. ప్లగ్గు, ఫిల్టర్, తాడు లాంటివి సికింద్రాబాద్ రాణిగంజ్ షాపుల్లో అప్పటికప్పుడు దొరికాయి, గేర్లకు మాత్రం ఆర్డర్ పెట్టి ఒకసారి 20 రోజులు ఆగాను. ఆ 20 రోజులు ఏటవాలు లాన్ మీద దాన్ని తోసిన మా కుర్రాడికి భుజం పట్టేసింది. అందుకే గేర్ సెట్టు ఒకటి ముందే కొనిపెట్టుకోండి, మిషన్ కొన్న రోజే.

మిగతాది మామూలు సర్వీసే. 100 గంటలకు ఆయిల్ మార్పు, దుమ్ము ఎక్కువగా ఉంటే ఇంకా ముందే. ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది నీటిని పీల్చుకుంటుంది, ట్యాంకులో వారాల తరబడి ఉంచితే కార్బొరేటర్‌లో జిగురు కడుతుంది. నాలుగైదు రోజులు పని లేదంటే పెట్రోల్ ట్యాప్ కట్టేసి ఇంజిన్ దానంతటదే ఆగేవరకు నడుపుతాం. ఈ ఒక్క అలవాటుతో మెకానిక్ దగ్గరికి వెళ్లడం సగం తగ్గింది.

2023లో ఒక స్నేహితుడి బ్యాటరీ మిషన్ నెల రోజులు వాడాను. శబ్దం లేదు, పొగ లేదు, పొద్దున్నే 7 గంటలకు మొదలుపెట్టినా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కానీ ఒక బ్యాటరీ 40 నిమిషాలు, మే నెలలో వేడెక్కిన బ్యాటరీ చల్లబడితే గానీ చార్జింగ్ ఎక్కదు. 200 గజాల లోపు విల్లా లాన్లకు బాగుంటుంది, అర ఎకరం పార్కుకు నాలుగు బ్యాటరీలు కావాలి, ఆ డబ్బుతో ఇంకో పెట్రోల్ మిషన్ వస్తుంది.

2018లో కొన్నది ఇప్పటికీ నడుస్తోంది, పొద్దున స్టార్ట్ చేయగానే కాస్త పొగ వస్తుంది, తర్వాత మామూలే. ఈ జూన్‌లో రెండోది కొన్నాను. కొత్త మోడళ్లు చూపించారు కానీ మళ్లీ అదే తీసుకున్నాను, ఎందుకంటే బ్లేడ్లు, ఫిల్టర్లు, నేను ముందే కొనిపెట్టిన గేర్ సెట్టు రెండింటికీ సరిపోతాయి.