మొక్కల పేర్లు చెప్పే యాప్: పేరు వరకూ సరే, తినే విషయం దాన్ని అడక్కండి

ఫొటో తీస్తే మొక్క పేరు చెప్పే యాప్ ఒకటి ఈ మధ్య మా గుణుపురం పిల్లల ఫోన్లలో బాగా తిరుగుతోంది. సెలవులకి వచ్చినవాళ్లయితే కొండవారకి పోయి తుప్పల్లో కనిపించిన ప్రతి కాయ గురించీ దాన్నే అడుగుతున్నారు, అందుకే నేనూ వాడి చూశాను.

ఆకు, పువ్వు, కాయ మూడూ పడేలా తీస్తే పెద్దగా తడబడదు. తునికి, నేరేడు, వాక్కాయ టక్కున చెప్పేసింది. పరికిపండుని రేగు అంది, పోనీలెండి, రెండూ తినేవే. అరచేతిలో నాలుగు పళ్లు పోసి తీస్తే మాత్రం నోటికొచ్చిన పేరు చెప్పి, పైగా పక్కన ఇంత శాతం ఖాయం అని ధీమా ఒకటి. తెలుగు పేర్లు లేవు, ఒడియా పేర్లూ లేవు. కొండెక్కితే సిగ్నల్ ఉండదు, నెట్ లేకపోతే ఇది కదలదు.

అసలు తంటా 'తినవచ్చు', 'విషం' అని వేసే ముద్రతోనే. మొక్క మొత్తానికి ఒకటే ముద్ర! కామంచి చూడండి, నల్లగా పండినవి మనం చిన్నప్పటి నుంచీ తింటున్నాం, పచ్చికాయల్లో మాత్రం సోలనిన్ అనే విషం ఉంటుంది, తింటే వాంతులు, కడుపునొప్పి. యాప్ ఆ తేడా చెప్పకుండా మొత్తం విషం అనేసింది. ఓ పండు తినకపోతే పోయేదేం లేదు గానీ, 'ఇది అన్నిటినీ విషమే అంటుంది' అని పిల్లలు దాని మాట వినడం మానేస్తే అక్కడే నాకు టెన్షన్. ఎందుకంటే కంచెల నిండా అడవి ఆముదం ఉంది, దాని గింజ రుచిగానే ఉంటుంది, వేరుశెనగలా నమిలేస్తారు, తర్వాత వాంతులు, విరేచనాలు. చేదైతేనే విషం అనే లెక్క అక్కడ పనిచెయ్యదు. పిట్ట తింటే మనమూ తినొచ్చనేది ఇంకా ప్రమాదం, ముష్టిపండు గుజ్జు పక్షులు తింటాయి, గింజలో ఉన్నది స్ట్రిక్‌నిన్ అనే ప్రాణం తీసే విషం. పాలు కారితే విషం అని కూడా అంటారు కదా, వాక్కాయకీ పాలు కారతాయి, పచ్చగన్నేరుకీ కారతాయి, రెండూ ఒకే కుటుంబం, ఒకటి పప్పులో వేసుకుంటాం, రెండోది తింటే గుండె లయ తప్పుతుంది. గురివింద గింజ పెంకు పగలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి పోతుంది, నమిలితే అందులోని అబ్రిన్ ప్రాణం తీయగలదు.

ఏ భాగం, పచ్చిదా పండిందా, గింజ ఉమ్మాలా అనేవి యాప్ అడగదు, చెప్పదు. సంతలో డొప్పల్లో మొర్రిపళ్లు అమ్మే సవర ఆడవాళ్లని అడగండి, అవన్నీ చెబుతారు, బేరం మాత్రం ఆడనివ్వరు.

యాప్ నిజంగా పనికొచ్చేది ఒక్కచోట. పిల్లలు తెలియని కాయ తింటే ఉప్పునీళ్లు పట్టించి వాంతి చేయించకండి, ఆ కొమ్మా, మిగిలిన కాయలూ, వాటి ఫొటో పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తండి. దారిలోనే ఢిల్లీ ఎయిమ్స్ విష సమాచార కేంద్రానికి 1800 116 117 కి ఫోన్ చెయ్యొచ్చు. యాప్ చెప్పిన పేరు డాక్టరుకి చూపించండి, కానీ అదే ఖాయమనకండి.

ఏడాది చందా కట్టమని తెరిచినప్పుడల్లా అడుగుతుంది. కట్టకండి, ఫ్రీగా వచ్చేదానిలోనూ ఇంతే ఉంది. అయిదుకి రెండు స్టార్లు, అవీ ఆకుల కోసమే.