జాగ్రత్త: హంగులు చూసి ఆర్.సి. ట్రాన్స్‌మిటర్ కొనేముందు దాని బ్యాటరీ గది తెరిచి చూడండి

ఆర్.సి. విమానాలు, అంటే రేడియోతో నడిపే చిన్న విమానాలు ఎగరవేసే మిత్రులకు, ముఖ్యంగా మొదటి ట్రాన్స్‌మిటర్ (చేతిలో పట్టుకుని విమానాన్ని నడిపే పరికరం) తర్వాత ఇంకాస్త మంచిది కొనాలని చూస్తున్నవారికి ఈ హెచ్చరిక. రంగుల టచ్ తెర, 16 ఛానళ్లు (ఒక్కో కదలికకు ఒక్కటి), పలు రకాల రిసీవర్లతో పనిచేసే మల్టీ ప్రోటోకాల్ మాడ్యూల్, హాల్ సెన్సర్ జింబల్స్ (స్టిక్‌ల కదలికను కొలిచే భాగాలు), మాటల్లో హెచ్చరికలు అన్నీ ఉన్నాయంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న ఒక సెట్టు కొన్నాను. విమానం గాలిలో ఉండగా అది ఆరిపోయింది. కారణం రేడియోలో లేదు, విమానంలో సిగ్నల్ అందుకునే రిసీవర్‌లో లేదు. సెల్స్‌ను పట్టి ఉంచే పల్చటి రేకు ముక్కల్లో ఉంది.

బాల్సా కర్రతో చేసిన ట్రైనర్‌ను (నేర్చుకునేవారి విమానం) దించడానికి మలుపు తిప్పుతున్న సమయమది. మెడపట్టీకి వేలాడుతున్న ట్రాన్స్‌మిటర్ కాస్త పక్కకు ఒరిగింది. అంతే, తెర నల్లబడింది. కరెంటు తెగింది రెప్పపాటు కాలమే. కానీ ఈ సెట్టుకు స్లైడ్ స్విచ్ లేదు, నొక్కి పట్టుకోవలసిన బటన్ ఉంది. స్లైడ్ స్విచ్ అయితే సెల్ తిరిగి తగలగానే కరెంటు దానంతట అదే వస్తుంది. ఇక్కడ మళ్లీ బటన్ నొక్కి పట్టుకోవాలి. తర్వాత కంపెనీ లోగో కదులుతూ వస్తుంది, గొంతు స్వాగతం పలుకుతుంది, మెమరీ కార్డు నుంచి మోడల్ వివరాలు చదువుతుంది. ఆపైన థ్రాటిల్ (మోటారు వేగం మార్చే స్టిక్) కిందికి దించమని హెచ్చరించి, దించేదాకా సిగ్నల్ పంపదు. నేల మీద ఇది అవసరమైన జాగ్రత్తే. ప్రొపెల్లర్ హఠాత్తుగా తిరిగి వేళ్లు తెగకుండా కాపాడుతుంది. మధ్యలో కరెంటు పోయి వచ్చినప్పుడు కూడా అదే తంతు మొదటినుంచీ నడపడం మాత్రం క్షమించరాని లోపం. సెకనుకు 15 మీటర్ల వేగంతో వెళ్లే ట్రైనర్ ఈ తంతు ముగిసే ఎనిమిది సెకన్లలో 120 మీటర్లు దాటిపోతుంది. అందరికీ ఉచితంగా దొరికే ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్ ఉన్న రంగు తెర సెట్లలో, హఠాత్తుగా రీసెట్ అయితే తనిఖీలన్నీ వదిలేసి నేరుగా సిగ్నల్ అందించే ఎమర్జెన్సీ మోడ్ ఉంది. ఈ కంపెనీ తన సొంత సాఫ్ట్‌వేర్‌లో తెర రంగులు మార్చుకునే ఏర్పాటు పెట్టింది, ఎమర్జెన్సీ మోడ్ మాత్రం పెట్టలేదు.

సిగ్నల్ పోతే మోటారు ఆగేలా ఫెయిల్‌సేఫ్ పెట్టి ఉంచడం వల్ల విమానం జారుకుంటూ వెళ్లి తుమ్మ పొదల్లో పడింది. రెక్క విరిగింది, మనిషికేమీ కాలేదు. కొన్ని రిసీవర్లలో ఫెయిల్‌సేఫ్ పెట్టకపోతే చివరి థ్రాటిల్‌నే పట్టి ఉంచుతాయి. అలాంటిదై ఉంటే మోటారు తిరుగుతూనే విమానం ఎటు పోయేదో తలచుకుంటేనే భయం వేస్తుంది.

ఇంటికి వచ్చి విప్పాను. ఇందులో 18650 సెల్స్ రెండు వరుసగా కలిసి 7.4 వోల్టులు ఇస్తాయి, అంటే ఏ ఒక్క కాంటాక్ట్ వదిలినా మొత్తం ఆగిపోతుంది. సెల్ పేరులోనే కొలత ఉంది: 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు. నేను వాడినవి సరిగ్గా ఆ కొలతవే. వాటిని అదిమి పట్టవలసిన రేకు స్ప్రింగులు ఒకసారి వంగాక తిరిగి లేవడం లేదు. లోపల రక్షణ సర్క్యూట్ ఉన్న సెల్స్ కొన్ని మిల్లీమీటర్లు పొడవుగా ఉంటాయి కాబట్టి అవి బిగుతుగా కూర్చుంటాయి. అలాంటివి వాడినవారికి ఈ లోపం చాలాకాలం బయటపడకపోవచ్చు. ఈ సెట్టు బాగుందని రాసినవారి మాట అబద్ధమని నేను అనడం లేదు. ఇప్పటికే కొన్నవారు మాత్రం ఎగరవేసే ముందు ఆ స్ప్రింగులు తప్పక చూసుకోండి.

ఇంకొకటి. ప్రకటనలో హాల్ సెన్సర్ జింబల్స్ అని ఉంది. హాల్ సెన్సర్‌లో అయస్కాంతం కదలికను తాకకుండానే కొలుస్తారు, అరుగుదల ఉండదు. దీని లోపల ఉన్నవి మామూలు పొటెన్షియోమీటర్లు. వాటిలో కార్బన్ పట్టీ మీద కాంటాక్ట్ రాసుకుంటూ తిరుగుతుంది, కాలక్రమేణా అరిగి సర్వోలు (విమానం రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటార్లు) వణుకుతాయి. పొటెన్షియోమీటర్ పెట్టడం తప్పు కాదు, చవక సెట్లు ఎన్నో వాటితోనే బాగా పనిచేస్తున్నాయి. లేనిది ఉందని చెప్పి డబ్బు తీసుకోవడం మోసం.

అమ్మకందారును అడిగితే సెల్స్ మీవి కాబట్టి బాధ్యత మాది కాదన్నారు. స్ప్రింగు ఫొటోలు పంపితే, విప్పారు కాబట్టి వారంటీ పోయిందన్నారు. జింబల్స్ సంగతికి జవాబే లేదు. వైర్‌లెస్ పరికరాల దిగుమతికి ఉండవలసిన ఈటీఏ ఆమోదం వివరాలు అడిగాను, అదీ ఇవ్వలేదు.

హంగులన్నీ పనికిరానివని చెప్పడం లేదు. విమానంలోని బ్యాటరీ వోల్టేజీనీ, సిగ్నల్ నాణ్యతనూ చెవికి వినిపించే టెలిమెట్రీ నిజంగా విమానాలను కాపాడుతుంది. అందుకు డబ్బు పెట్టవచ్చు. కానీ ట్రైనర్‌కు కావలసినవి నాలుగు ఛానళ్లు: పక్కకు ఒరిగించే ఐలెరాన్, ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్, కుడికీ ఎడమకూ తిప్పే రడ్డర్, థ్రాటిల్. మిగతా పన్నెండూ ఖాళీగా ఉంటాయి. టచ్ తెరను మన ఎండలో, చెమట చేతులతో ఎవరూ తాకరు. ఆ తెరకు పెట్టిన ఖర్చులో పదో వంతు స్ప్రింగులకు పెట్టి ఉంటే నేను ఈ రోజు ఇది రాయవలసిన అవసరం ఉండేది కాదు.

ట్రాన్స్‌మిటర్‌కూ రిసీవర్‌కూ మధ్య రేడియో లింకు విషయంలో పేరున్న కంపెనీలకూ తప్పులు దొర్లాయి. ఎఫ్‌ఆర్‌స్కై వారి ఏసీసీఎస్‌టీ డీ16 అనే రేడియో ప్రోటోకాల్‌లో సర్వోలు అనుకోకుండా కదిలే లోపం బయటపడితే, 2020 మొదట్లో సరిచేసిన కొత్త వెర్షన్ వచ్చింది. ట్రాన్స్‌మిటర్లు, రిసీవర్లు రెండింటినీ అప్‌డేట్ చేసుకోవలసి రావడం వాడేవారికి పెద్ద విసుగే. అయినా లోపానికి దిద్దుబాటు అంటూ వచ్చింది. కొనేముందు ఆ కంపెనీ పాత లోపాలను ఎలా సరిదిద్దిందో వెతకండి. దాని తెర కొలత కన్నా అది ఎక్కువ చెబుతుంది.

కొత్త సెట్టు చేతికి రాగానే, ప్రొపెల్లర్ తీసేసి, మోడల్‌ను బల్ల మీద పెట్టి పరీక్షించండి. ట్రాన్స్‌మిటర్ ఆన్‌లో ఉండగా అరచేత్తో బ్యాటరీ మూత మీద నాలుగు వైపులా తట్టండి, తలకిందులు చేయండి, అటూ ఇటూ ఊపండి. తెర ఒక్కసారి మినుకుమన్నా తిరిగి పంపేయండి. తర్వాత థ్రాటిల్ సగంలో ఉంచి బ్యాటరీని కావాలనే తీసి మళ్లీ పెట్టండి. సర్వోలు మళ్లీ స్టిక్ మాట వినడానికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. స్టిక్‌లను అంచులదాకా లాగి వదిలి, ఛానల్ మానిటర్‌లో (స్టిక్ స్థానాన్ని అంకెల్లో చూపే పేజీ) నడిమి అంకె ప్రతిసారీ ఒకే చోటికి వస్తోందా గమనించండి. సిగ్నల్ బలం తగ్గించే రేంజ్ చెక్ మోడ్‌లో 30 అంగలు వెనక్కి నడిచి చూడడం మైదానంలో ఎలాగూ చేస్తారు. అయితే అది ఈ రకం లోపాన్ని పట్టుకోదు. ఆ రోజు కూడా రేంజ్ చెక్‌లో అంతా సరిగానే ఉంది.

ఈ పరీక్షలన్నీ వాపసు గడువు లోపలే ముగించండి. ప్రకటన స్క్రీన్‌షాట్, బిల్లు, పెట్టె తెరిచే వీడియో దాచుకోండి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం లోపమున్న వస్తువునూ, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువునూ వాపసు తీసుకోనని అమ్మకందారు అనకూడదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ఆ సెట్టు ఇంకా అదే ప్రకటనతో అమ్ముడవుతోంది. మీ దగ్గర అలాంటిది ఉండి ఇదే లోపం కనబడితే, బ్యాటరీ గది ఫొటో, కొన్న నెల రాసి కింద పెట్టండి. నా ఫిర్యాదుకు జతచేస్తాను.