పాత సున్నం గోడల ఇంట్లో మాడ్యులర్ కిచెన్ ప్యాకేజీ: అడ్వాన్సు ఇచ్చే ముందు జాగ్రత్త

విజయనగరం కోట చుట్టూ ఉన్న పాత వీధుల్లో, బొబ్బిలిలో, శ్రీకాకుళం, నరసన్నపేట వైపు తాతల నాటి పెంకుటిళ్లు, మండువా లోగిళ్లు ఉన్నవాళ్లు వంటగది మార్చాలనుకుంటే ఇది చదివాకే అడ్వాన్సు ఇవ్వండి. పాత వంటిల్లు తీసేసి రెండు వారాల్లో కొత్త కిచెన్, పదేళ్ల వారంటీ అంటూ చదరపు అడుగు లెక్కన అమ్మే ప్యాకేజీలు అపార్ట్‌మెంట్ల కోసం తయారైనవి. అలాంటి ప్యాకేజీ ఒకదాన్ని విజయనగరంలో ఒక పాత ఇంట్లో ఉన్నదున్నట్టు దించారు. మొదటి వర్షాకాలం దాటేసరికి టైల్స్ పైన గోడంతా ఉప్పు పొంగింది. సింకు కింది పెట్టె ఉబ్బి తలుపు పడడం లేదు. పై అరల వరుస గోడ నుంచి వేలెడు ముందుకొచ్చింది. సంస్థను అడిగితే, గోడలో చెమ్మ ఉంది కాబట్టి వారంటీ వర్తించదన్నారు. ఆ చెమ్మ పైకెక్కడానికి కారణం వాళ్లు చేసిన పనే. మోసమంతా ఇక్కడే ఉంది.

ఆ కాలపు గోడ ఇటుక, గానుగ సున్నంతో కట్టింది. కింద చెమ్మను ఆపే పొర సాధారణంగా ఉండదు. నేలలోని తడి ఇటుక రంధ్రాల గుండా ఎప్పుడూ కొంత పైకి వస్తూనే ఉంటుంది, సున్నపు పూత దాన్ని అక్కడికక్కడే గాలికి వదిలేస్తుంది. ప్యాకేజీవాళ్లు ముందుగా ఆ సున్నం రాల్చేసి 1:4 (ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక) సిమెంటు పూత పూస్తారు, వాటర్‌ప్రూఫ్ కెమికల్ కొడతారు, పైదాకా టైల్స్ అతికిస్తారు. తడి బయటపడే దారి మూసుకుపోతుంది. అది గోడలోనే ఎక్కి, టైల్స్ అయిపోయిన చోట బయటికొస్తుంది. వెంట తెచ్చిన లవణాలు అక్కడ స్ఫటికాలు కట్టి పూతను లోపల్నుంచి పగలగొడతాయి. పైగా సిమెంటు గట్టిది, కింద సున్నం మెత్తనిది, రెండూ ఒకేలా కదలవు. కొంతకాలానికి ఆ పూతను వేలి కణుపుతో కొడితే డొల్ల చప్పుడు వస్తుంది. కళింగపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉప్పు బెడద ఇంకా ఎక్కువ.

కాబట్టి ఒప్పందంలో మొదటి వాక్యం గోడ గురించే ఉండాలి: సున్నం గోడ మీద సిమెంటు పూత, వాల్ పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు వేయకూడదు. ఊడిన చోట మాత్రమే ఉలితో రాల్చాలి. బ్రేకర్ మెషిన్ వద్దు, దాని అదురుకి పక్క గోడ కీళ్లు కూడా వదులవుతాయి. ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి, కడిగితే మళ్లీ లోపలికి పోతుంది. కనీసం రెండు మూడు వారాలు నానిన సున్నం ఒక పాలు, కడిగిన ఇసుక మూడు పాళ్లు కలిపి, ఒక్కో పొర 10 మిల్లీమీటర్లకు మించకుండా రెండు పొరలు వేయించండి. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్) పీల్చుకుంటూ గట్టిపడుతుంది, అందుకే తొందర పనికిరాదు. వారం పది రోజులు తేలిగ్గా తడుపుతూ నీడన ఆరనివ్వాలి. పైన సున్నపు వెల్ల చాలు. పని చేసేవాళ్లకు కళ్లద్దాలు ఇవ్వండి, సున్నం కంట్లో పడితే చూపే పోవచ్చు. పొయ్యి, సింకు వెనక చిందకుండా టైల్స్ బదులు గట్టు మీద రెండడుగుల రాతి పలకను గోడకు కాస్త ఎడంగా నిలబెట్టించండి. టెక్కలి నీలి గ్రానైట్ మనకు దగ్గర్లోనే దొరుకుతుంది.

గట్టు బరువు కూడా లెక్కేసుకోండి. 18 మిల్లీమీటర్ల గ్రానైట్ చదరపు మీటరుకు 48 కిలోల దాకా తూగుతుంది. పది అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు పలక 90 కిలోలు. దాని అంచును గోడలోకి గాడి కొట్టి దూర్చనివ్వకండి, నేల మీద ఇటుక దిమ్మెలు కట్టించి వాటిపై పరిపించండి. వేలాడే పై అరలకు ఈ గోడలు పనికిరావు. విచ్చుకునే బోల్టు బిగిస్తే మెత్తటి ఇటుక పిండి అయిపోతుంది, స్టీలు సామాను సర్దాక బోల్టు మెల్లగా జారుతుంది. నేల మీద నిలబడే నిలువు బీరువా పెట్టుకోండి. గోడలో పాత గూళ్లుంటే పూడ్చకండి, వాటికి మించిన అరలు మాడ్యులర్‌లో దొరకవు.

పొగ గొట్టం విషయంలో ఇంటి పైకప్పు పోగొట్టుకునే ప్రమాదముంది. చిమ్నీకి 150 మిల్లీమీటర్ల గొట్టం కావాలి. మద్రాసు టెర్రస్ ఇంట్లో దూలాల మీద సన్నటి ఇటుకలు ఏటవాలుగా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి. కోర్ కటర్‌తో అక్కడ కన్నం కొడితే చుట్టూ ఉన్నవి జారడం మొదలవుతుంది. దూలం అంచు తగిలిందా, ఇక చెప్పక్కర్లేదు. గొట్టాన్ని పాత పొగగూడు గుండానో, వెంటిలేటర్ గుండానో పంపమని పట్టుబట్టండి. వంపులు ఒకటి రెండుకు మించితే లాగుడు తగ్గుతుంది.

పెంకుల కింద జిప్సమ్ ఫాల్స్ సీలింగ్ అసలొద్దు. 2014 హుద్‌హుద్‌కి, 2018 తిత్లీకి ఈ జిల్లాలు ఎలా వణికాయో మనకు తెలుసు. ఒక్క పెంకు కదిలినా జిప్సమ్ తడిసి కింద పడుతుంది. మామూలు రోజుల్లో కారుడును, చెదలను, ఎలుకలను కనబడకుండా దాచేది కూడా అదే.

పాత నేల మీద సిమెంటు పోసి టైల్స్ పరిస్తే రెండు రెండున్నర అంగుళాలు ఎత్తు పెరుగుతుంది. గడప మునిగిపోతుంది, టేకు తలుపు కింద కోసేస్తారు, తూము వైపు వాలు తిరగబడి నీళ్లు గోడ మొదట్లో నిలుస్తాయి. ఎర్ర గచ్చు, నాపరాళ్లు ఉంటే అలాగే బాగు చేయించండి.

ఇక పెట్టెలు. "వాటర్‌ప్రూఫ్ ప్లై" అనే మాటకు విలువ లేదు. బిల్లులో ఐఎస్ 710 మెరైన్ ప్లైవుడ్ అని రాయించండి. పలక మీద ఐఎస్ఐ గుర్తు, కింద సీఎం/ఎల్ నంబరు (తయారీదారు లైసెన్సు నంబరు) ఉంటాయి, ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. దించిన రోజే అంచు టేపు అతికించకముందు కోసిన అంచు చూడండి. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్, చెక్క రజను అంటించినట్టుంటే పార్టికల్ బోర్డు, దాన్ని వెనక్కి పంపండి. సింకు 304 స్టీలని చెప్పి అయస్కాంతం అంటడం లేదు చూడండంటే నమ్మకండి, తక్కువ రకం 202 కూడా అంటదు. పెట్టెలు నాలుగంగుళాల కాళ్ల మీద, గోడకు రెండంగుళాల ఎడంగా ఉండాలి, వెనక పలక ఊడదీసేలా ఉండాలి. చెదల మందు ఐఎస్ 6313 మూడో భాగం ప్రకారం కొట్టాలని రాయించండి, అది ఉన్న కట్టడాలకు సంబంధించినది. సిలిండర్ పెట్టే అరకు అడుగున గాలి కన్నాలు తప్పనిసరి. గ్యాస్ గాలికన్నా బరువు, కారితే కిందే పేరుకుంటుంది. కొత్త సర్క్యూట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించండి. వైర్ల కోసం గోడకు అడ్డంగా గాళ్లు కొట్టనివ్వకుండా పైపు బయటే వేయించండి.

ఒప్పందంలో "డెబ్రిస్ తరలింపు ఉచితం" అని ఉంటే ఆగండి. ఆ మాట కింద బర్మా టేకు గుమ్మాలు, వాసాలు, ఇత్తడి బందులు, రుబ్బురోలు, సన్నికల్లు అన్నీ ట్రాక్టరెక్కిపోతాయి. వాటి విలువ కొన్నిసార్లు ప్యాకేజీలో పెద్ద ముక్కకే సమానం. పని మొదలవకముందే గదిలోని ప్రతి వస్తువుకూ ఫోటో తీసి, పట్టీ రాసి, అవి యజమానివేనని సంతకం చేయించుకోండి.

చెల్లింపు సగం ముందే ఇవ్వకండి. గోడ పని అయ్యాక కొంత, పెట్టెలు దింపి పలక చూశాక కొంత, చివరి 10 శాతం వానలు ఆగాక ఇస్తామని రాయించండి. దీనికి ఒప్పుకోని సంస్థకు పని ఇవ్వకండి. వారంటీ కాగితంలో "చెమ్మ", "సీపేజ్" అన్న మినహాయింపు ఉంటే, తాము వేసిన పూత వల్ల వచ్చే చెమ్మకు అది వర్తించదని పక్కన చేత్తో రాయించి సంతకం తీసుకోండి.

ఇప్పటికే నష్టపోయినవాళ్లు మరో పూత వేయించకుండా ముందు ఫోటోలు తీసి, రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు.