మావిస్ 350 నైలాన్ కాక్: షటిల్ పిల్లలున్న ఇంటికి ఎంతవరకు పనికొస్తుంది

ఒకరిది పొద్దున్న ఐదున్నర బ్యాచ్, ఇంకొకరిది సాయంత్రం ఆరు గంటల బ్యాచ్. మధ్యలో స్కూలు బస్సు, హోంవర్కు, రెండు టిఫిన్ బాక్సులు. ఇలాంటి ఇంట్లో బ్యాట్ ఒకసారి కొంటే కొన్నేళ్ళు వస్తుంది, బూట్లు పాదం పెరిగినప్పుడు మారతాయి. చప్పుడు చేయకుండా నెలనెలా డబ్బు తినేవి మాత్రం షటిల్ కాక్‌లు. అందుకే చాలా ఇళ్ళలో యోనెక్స్ మావిస్ 350 డబ్బా ఒకటి ఎప్పుడూ ఉంటుంది. మొదటి రెండు మూడేళ్ళకు, అపార్ట్‌మెంట్ కోర్టుకు, ఇంటి దగ్గర ప్రాక్టీసుకు ఇంతకంటే సుఖమైన కాక్ లేదు. జిల్లా టోర్నమెంట్ల వైపు చూసే పిల్లలకు మాత్రం దీని మీదే ఆధారపడితే చేటు. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నదే అసలు ప్రశ్న.

డబ్బాలో ఆరు కాక్‌లుంటాయి. స్కర్ట్, అంటే ఈకల చోట గొడుగులా ఉండే భాగం, నైలాన్‌ది, తల సహజమైన కార్క్‌ది. పసుపు, తెలుపు రెండూ దొరుకుతాయి. పసుపే తీసుకోండి. సున్నం కొట్టిన తెల్లగోడల హాల్లోనైనా, ట్యూబులైట్ల కింద అపార్ట్‌మెంట్ సెల్లార్లోనైనా తెల్ల కాక్ గోడలో కలిసిపోతుంది. పిల్లలు ఆలస్యంగా చూసి ఆలస్యంగా కదులుతారు, మనమేమో ఫుట్‌వర్క్ బాగాలేదనుకుంటాం.

షాపులో ఎవరూ అడగనిదీ, అడగాల్సిందీ తల చుట్టూ ఉన్న పట్టీ రంగు. ఆకుపచ్చ అంటే స్లో, నీలం మీడియం, ఎరుపు ఫాస్ట్. కంపెనీ లెక్కలో ఆకుపచ్చ దాదాపు 22 నుంచి 33 డిగ్రీల వేడికి, నీలం 12 నుంచి 23 డిగ్రీలకు, ఎరుపు అంతకంటే చలి ప్రదేశాలకు. వేడెక్కితే గాలి పలచబడుతుంది, అడ్డు తగ్గి కాక్ దూరం పోతుంది. ఎత్తున్న ఊళ్ళలోనూ అంతే. హైదరాబాదు సముద్రమట్టానికి 500 మీటర్లకు పైనే ఉంది, దానికి తోడు రేకుల షెడ్డు హాళ్ళు. కాబట్టి ఇక్కడ ఏడాదిలో ఎక్కువ కాలం ఆకుపచ్చే సరి. విజయవాడ ఎండలకూ అదే. డిసెంబరు, జనవరి తెల్లవారుజాము బ్యాచ్‌లో మాత్రం అదే ఆకుపచ్చ బరువుగా, కుంటుతున్నట్టు అనిపిస్తుంది, ఆ రెండు నెలలకు నీలం డబ్బా ఒకటి చాలు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో హీటరున్న జిమ్‌లో ఆడే మనవాళ్ళు హాలు లోపలి వేడిని చూసుకోవాలి, బయట మంచు కురుస్తోందని ఎరుపు కొంటే ప్రతి క్లియర్ (అవతలి బ్యాక్ లైను దాకా ఎత్తుగా కొట్టే దెబ్బ) గీత దాటుతుంది.

ఏ రంగు సరైనదో తేల్చడానికి కోర్టులోనే పరీక్ష ఉంది. పెద్దవాళ్ళెవరైనా బ్యాక్ లైను మీద నిలబడి, సైడ్ లైనుకు సమాంతరంగా, కింది నుంచి పైకి బలమంతా పెట్టి ఒక్క దెబ్బ కొట్టాలి. అవతలి బ్యాక్ లైనుకు 53 నుంచి 99 సెంటీమీటర్ల ముందు పడితే వేగం సరిగ్గా ఉన్నట్టు. టేపు అక్కర్లేదు. డబుల్స్ లాంగ్ సర్వీస్ గీత బ్యాక్ లైనుకు 76 సెంటీమీటర్ల ఇవతల ఉంటుంది, ఆ గీతకు అటూ ఇటూ జానెడులో పడిందా లేదా చూస్తే చాలు. పిల్లల చేత ఈ పరీక్ష చేయించొద్దు. పదేళ్ళ చేతికి అంత బలం ఉండదు, ఏ కాక్ అయినా స్లో అనే తేలుతుంది.

ఇక గాలిలో నడక. ఈకల కాక్ దెబ్బ తగలగానే బాణంలా లేచి, తర్వాత ఒక్కసారిగా వేగం చచ్చి, బ్యాక్ లైను దగ్గర దాదాపు నిట్టనిలువుగా పడుతుంది. నైలాన్‌కు ఆ పతనం ఉండదు. వంపుగా, కాస్త సాగుతూ వస్తుంది. నెట్ దగ్గర తేడా ఇంకా బాగా తెలుస్తుంది. ఈకల కాక్ నెట్ మీద దొర్లుతుంది, మణికట్టు కొద్దిగా తిప్పితే మాట వింటుంది. నైలాన్ అంతగా తిరగదు, చప్పున తల కిందికి దించి పడిపోతుంది. గట్టిగా స్మాష్ కొడితే స్కర్ట్ నొక్కుకుపోయి ఒక్క క్షణం వంకరగా పోతుంది. నైలాన్‌లో మావిస్ 350 మెరుగైనదే, స్కర్ట్ తిరిగి తన ఆకారానికి వచ్చే తీరు చవక రకాల్లో ఉండదు. అదే కంపెనీ మావిస్ 200ఐ ధర తక్కువే గానీ, పెరట్లో తాడు కట్టి ఆడుకోవడానికే అది. కోచింగ్‌కు వెళ్ళే పిల్లలకు కొంటే ఆదా ఏమీ కనిపించదు.

ఏడేళ్ళ నుంచి పదేళ్ళ వరకూ పిల్లలకు ఈ తేడా పెద్ద విషయం కాదు. వాళ్ళకు కావలసింది బంతి కంటే ఎక్కువ సేపు గాలిలో ఉండే, ఫ్రేముకు తగిలినా బతికుండే వస్తువు. ఆ వయసు పిల్లలు పది దెబ్బల్లో మూడు నాలుగు ఫ్రేముతోనే కొడతారు. ఈకల కాక్ అయితే రెండు ఫ్రేము దెబ్బలకు ఈక విరిగి తలతిరుగుడు మొదలెడుతుంది. మావిస్ అదే ఆటలో వారాలు నిలబడుతుంది.

నిలబడుతుంది కదా అని వదలకుండా వాడటమే చాలా ఇళ్ళలో జరిగే పొరపాటు. నైలాన్ కాక్ ఈకల కాక్‌లా ఒక్కసారిగా చావదు, మెల్లమెల్లగా చెడిపోతుంది. మొదట స్కర్ట్ మెత్తబడుతుంది. తర్వాత తల దగ్గర, సన్నని పుల్లలు కార్క్‌లోకి దిగే చోట, చీలిక పడుతుంది. స్కర్ట్ మెత్తబడ్డా చిరిగినా గాలి పట్టడం తగ్గుతుంది, అంటే కాక్ వేగం పెరుగుతుంది. నిన్నటిదాకా లోపల పడ్డ క్లియర్ ఇవాళ గీత దాటుతుంది. పిల్లలు దాన్ని కాక్ తప్పు అనుకోరు. తమకు తెలియకుండానే చెయ్యి బిగబట్టి, సగం ఊపుతో కొట్టడం నేర్చుకుంటారు. అకాడమీలో కొత్త కాక్ ఇచ్చేసరికి ప్రతి క్లియర్ కోర్టు మధ్యలో పడుతుంది, కోచ్ మోచేతి దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఒక కాక్ పారేయడానికి మనసొప్పక, అలవాటు పాడుచేసుకోవడం ఇది.

పారేయాల్సిన సమయం కనిపెట్టడం తేలికే. బల్ల మీద కాక్‌ను పడుకోబెట్టి వేలితో దొర్లించండి. గుండ్రంగా, సాఫీగా తిరిగితే బాగున్నట్టు, ఒకచోట ఎగిరెగిరి పడితే స్కర్ట్ వంకర. తర్వాత తలకిందులుగా పైకి విసరండి, వెంటనే తల కిందికి తిప్పుకోవాలి, ఊగుతూ వస్తే దాని పని అయిపోయినట్టే. పుల్లల దగ్గర చీలిక కనబడితే పరీక్ష కూడా అక్కర్లేదు. కొంచెం మెత్తబడినవాటిని ర్యాలీలకు కాకుండా ఫుట్‌వర్క్ డ్రిల్లుకు, గోడ ప్రాక్టీసుకు పక్కన పెట్టండి. అక్కడ దూరంతో పని లేదు. కొత్తవాటికి పట్టీ మీద మార్కర్‌తో ఒక చుక్క పెట్టి వేరే డబ్బాలో ఉంచితే, పొద్దున్న నిద్రకళ్ళతో బ్యాగు సర్దేటప్పుడు రెండూ కలవవు.

ఆదివారం నాన్న, బాబాయ్, పక్క ఫ్లాట్ అంకుల్ పిల్లల డబ్బా తీసుకెళ్ళి డబుల్స్ ఆడటం కూడా ఆపాలి. పెద్దవాళ్ళ స్మాష్‌లకు స్కర్ట్ ఒక్కపూటలో మెత్తబడుతుంది, పైకి మాత్రం ఏమీ తెలియదు. సోమవారం పిల్లలకు అందేది ఆ కాక్. పెద్దల డబ్బా పెద్దలదే.

ఈకల కాక్‌లకు పట్టినట్టు నైలాన్‌కు ఆవిరి పట్టాల్సిన పనిలేదు, తేమకు భయపడాల్సిన పనిలేదు. ఎండే దాని శత్రువు. మే నెలలో కారు డిక్కీలో డబ్బా మర్చిపోతే స్కర్ట్ మెత్తబడి, దేనికి ఆనుకుని ఉందో ఆ వైపు నొక్కుకుపోతుంది. డబ్బా లేకుండా కిట్ బ్యాగులో బూట్ల కింద పడేసినా అదే గతి. కొద్దిగా నొక్కుకున్నదాన్ని బాగుచేయవచ్చు: కార్క్ తడవకుండా స్కర్ట్‌ను మాత్రం వేడినీళ్ళలో కొన్ని సెకన్లు ముంచి, తీసి, వేళ్ళతో లోపలి నుంచి గుండ్రంగా సర్ది, చల్లారేదాకా కదపకుండా ఉంచాలి. మరుగుతున్న నీళ్ళు వద్దు, ఈ పని పిల్లల చేతికీ ఇవ్వొద్దు. చీలినదానికి ఏ వైద్యమూ లేదు. టేపు వేస్తే ఒకవైపు బరువెక్కి ఇంకా వంకరగా పోతుంది.

మావిస్ 350కి నకిలీలు ఉన్నాయి. ఆన్‌లైన్‌లో అసలు ధరలో సగానికి కనబడితే అనుమానించండి. డబ్బా మూత, ముద్రణ చూసి తేల్చడం కష్టం, కాక్‌నే చూడాలి. స్కర్ట్ అంచుల్లో అచ్చులోంచి మిగిలిన నైలాన్ పోగులు ఉండకూడదు, తల మీద కార్క్ గరుకు తెలియాలి, స్పాంజిలా నొక్కుకోకూడదు. వంటింటి డిజిటల్ త్రాసు ఉంటే ఆరూ కలిపి తూచండి. నిబంధనల ప్రకారం ఈకల కాక్ ఒక్కోటి 4.74 నుంచి 5.50 గ్రాములు ఉండాలి, నైలాన్‌దీ దాదాపు అంతే. ఆ లెక్కన ఆరూ కలిపి 28 నుంచి 33 గ్రాముల మధ్య రావాలి. ఒక్కో కాక్ ఒక్కోలా పోతుందంటే చిన్న నగల త్రాసుతో విడివిడిగా చూస్తే కారణం తెలుస్తుంది.

కాక్ మారితే గట్టింగ్, అంటే బ్యాట్‌కు తీగలు (గట్) బిగించే సంగతీ చూసుకోవాలి. నైలాన్ దెబ్బ ఈకలకంటే మొద్దుగా చేతికి తెలుస్తుంది. పిల్లల బ్యాట్‌కు 18 నుంచి 22 పౌండ్ల బిగువు చాలు. షాపులో 26, 27 వేయమని ఉత్సాహపరిచినా వద్దనండి. బిగువు పెరిగేకొద్దీ బ్యాట్ మధ్యలో సరిగ్గా తగిలే చోటు చిన్నదవుతుంది, తప్పిన దెబ్బల అదురంతా మోచేతికి వస్తుంది. గట్ విషయంలో బీజీ 65 లాంటి 0.70 మిల్లీమీటర్ల మందం ఉన్నది ఎక్కువకాలం ఉంటుంది. సన్నవి చప్పుడు బాగా చేస్తాయి, త్వరగా తెగుతాయి. ఒక్క తీగ తెగినా ఇంటికి రాగానే మిగతావన్నీ మధ్య నుంచి బయటికి, నాలుగు వైపులా సమానంగా కత్తిరించేయండి. సగం బిగువుతో వదిలేస్తే ఫ్రేము ఒకవైపు లాగి వంగుతుంది. ఈ మాట చెప్పే షాపువాళ్ళు తక్కువ.

ఇక ఈకలకు ఎప్పుడు మారాలి? వయసు చూసి కాదు, ఆట చూసి. క్లియర్ బ్యాక్ లైను దాకా నిలకడగా చేరుతూ, ఫ్రేము దెబ్బలు అరుదై, కోచ్ నెట్ షాట్లు, కట్ డ్రాప్‌లు (కాక్‌ను కోసినట్టు కొట్టి నెట్ దగ్గర పడేసే దెబ్బలు) నేర్పడం మొదలుపెట్టాక నైలాన్ అడ్డమవుతుంది. అండర్-11, అండర్-13 పోటీల్లో పేరిస్తున్నారంటే అప్పటికే మారి ఉండాలి, ఎందుకంటే అక్కడ ఆడేది ఈకల కాక్‌తో. టోర్నమెంటు వారంలో ఒక డబ్బా కొని చేతికిస్తే లాభం లేదు. ఇంతకాలం సాగుతూ వచ్చిన కాక్ ఇప్పుడు చప్పున పడుతుంది, అడుగు ఎప్పుడు వేయాలో కాలు మళ్ళీ నేర్చుకోవాలి. ముందే ఏ నెలలోనైనా వారంలో రెండు పూటలు ఈకలతో, మిగతావి నైలాన్‌తో మొదలుపెట్టి, మెల్లగా నిష్పత్తి తిప్పడం మేలు.

అప్పుడు ఇంట్లో పని పెరుగుతుంది. పదహారు ఈకల కాక్ తెలంగాణ ఏప్రిల్ పొడిగాలికి పెళుసుబారుతుంది. ముందురోజు రాత్రి డబ్బాకు రెండు వైపులా మూతలు తీసి, కెటిల్ ఆవిరి ఐదారు సెకన్లు పట్టించి, మూసి, ఈకలు కిందికి ఉండేలా నిలబెట్టాలి. ఎక్కువసేపు పడితే నీళ్ళు పీల్చుకుని బరువెక్కుతాయి. కాకినాడ, విశాఖ వైపు గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి చాలా రోజులు ఈ పని ఉండదు. ఈకల కాక్‌లు కొనేటప్పుడు రంగు పట్టీ బదులు అంకె చూడాలి: 75, 76, 77 అని ఉంటే తక్కువ అంకె స్లో, మన వేసవికి 75 లేదా 76. కొన్ని కంపెనీలు 1 నుంచి 5 దాకా వేస్తాయి, అక్కడా చిన్న అంకే వేడి ఊళ్ళకు.

ఇంట్లో రెండోవాళ్ళు చిన్నవాళ్ళయితే, పెద్దవాళ్ళు మారాక మిగిలిన మావిస్ డబ్బాలు వృథా కావు. దొర్లించి చూసి, బాగున్నవి వాళ్ళ బ్యాగులో పెట్టేయండి.