జిజెల్: టికెట్టు ఒకరి పేరు మీద, రాత్రి మరొకరి చేతిలో

లండన్ రాయల్ ఒపేరా హౌస్‌లో రాయల్ బ్యాలే అనే నృత్యబృందం వాళ్ళు 'జిజెల్' బ్యాలే (మాటల్లేని నృత్యనాటకం) వేసే సీజన్లో ప్రతి తేదీ పక్కనా రెండు పేర్లు కనిపిస్తాయి: ఆ రోజు నాయిక జిజెల్ ఎవరు, నాయకుడు ఆల్‌బ్రెక్ట్ ఎవరు. అదే వేదిక, అదే సంగీతం, అవే అడుగులు. జంటలు మాత్రం మారుతూ ఉంటాయి. జనం ముందు జిజెల్ పేరే చూస్తారు. పెద్ద పేరున్న రోజులకు టికెట్లు చిటికెలో అయిపోతాయి, మిగతా రోజులకు నింపాదిగా దొరుకుతాయి. నేనూ మొదట్లో అలాగే కొనేదాన్ని. ఏళ్ళ తరబడి ఇదే ప్రొడక్షన్‌ను, వీలైనప్పుడల్లా ఒకే సీజన్లో వేర్వేరు జంటలతో చూస్తూ వచ్చాక నా లెక్క వేరుగా తేలింది. జిజెల్ పాత్ర వేసేవాళ్ళలో నాసిరకం వాళ్ళు దాదాపు ఉండరు, ఆ మెట్టు దాకా వచ్చారంటేనే వాళ్ళు గట్టివాళ్ళు. రాత్రి నిలిచేదీ పడిపోయేదీ ఆల్‌బ్రెక్ట్ వల్ల, రెండో అంకంలో వచ్చే ఆత్మల రాణి మిర్తా వల్ల.

తెలియనివారి కోసం కథ క్లుప్తంగా. జిజెల్ పల్లెటూరి పిల్ల, గుండె బలహీనం, నాట్యమంటే ప్రాణం. ఆల్‌బ్రెక్ట్ జమీందారీ బిడ్డ. రైతు కుర్రాడి వేషంలో వచ్చి ఆమెను వలపులో దింపుతాడు, తనకు బతిల్డ్ అనే దొరసానితో పెళ్ళి కుదిరి ఉందన్న సంగతి దాచి. హిలారియన్ అనే అడవి కాపరి ఆ గుట్టు రట్టు చేస్తాడు. జిజెల్‌కు మతి చలిస్తుంది, చనిపోతుంది. రెండో అంకం అంతా రాత్రి, అడవి, సమాధి. పెళ్ళికాక ముందే మోసపోయి చనిపోయిన కన్యల ఆత్మలు, విలీలు, దొరికిన మగవాణ్ణి చచ్చేదాకా ఆడిస్తాయి. వాళ్ళ రాణి మిర్తా. జిజెల్ ఆత్మ మాత్రం ఆల్‌బ్రెక్ట్‌ను తెల్లారేదాకా కాపాడుతుంది. 1841లో పారిస్‌లో మొదటిసారి ఆడిన బ్యాలే ఇది. సంగీతం అడాల్ఫ్ ఆడాం, నృత్యరచన జాన్ కొరాలీ, జూల్ పెరో. ఇప్పుడు మనం చూసే రూపం మీద రష్యాలో నృత్యరచయిత మారియస్ పెటిపా చెయ్యి చాలానే పడింది. రాయల్ బ్యాలే వాడుతున్నది పీటర్ రైట్ 1985లో కూర్చిన ప్రొడక్షన్. ఆకులు రాలే కాలపు రంగులతో జాన్ మాక్‌ఫర్లేన్ వేసిన సెట్లు, దుస్తులు ఇన్నేళ్ళకూ పాతబడినట్టు అనిపించవు.

పాత్రధారుల్ని పోల్చుకుంటూ చూడటం మనకు కొత్తేమీ కాదు. పద్యనాటకాల్లో ఒకే రాత్రి రాయబారానికి ఒక కృష్ణుడు, మరో ఘట్టానికి ఇంకో కృష్ణుడు వచ్చేవాళ్ళు. కాటిసీనుకు హరిశ్చంద్రుడే మారిపోయేవాడు. ఎవరి రాగం ఎంతసేపు సాగింది, ఎవరికి వన్స్‌మోర్ పడింది అన్నది తెల్లారి టీ కొట్టు దగ్గర తేలేది. లండన్‌లో ఆ టీ కొట్టు పని విరామం వేళ బార్ దగ్గర జరుగుతుంది. పక్కనున్న ముసలావిడ ఎవరైనా "నిన్న రాత్రి జంటను చూశారా?" అని కదిపిందంటే ఇక గంట మోగేదాకా వదలదు.

ముందు ఆల్‌బ్రెక్ట్ సంగతి చూద్దాం. ఇతను ఆ పిల్లను నిజంగా ప్రేమించాడా, కులాసాకు వచ్చాడా? ఈ ప్రశ్నకు అడుగుల్లో జవాబు లేదు. నటుడే తెచ్చుకోవాలి. నేను చూసినవాళ్ళలో కొందరు మొదటి నుంచీ ప్రేమలో మునిగినట్టే చేస్తారు. చూడ్డానికి తియ్యగా ఉంటుంది గానీ, అప్పుడు అతను ఎందుకు దాచాడో అర్థం కాదు, రెండో అంకంలో పశ్చాత్తాపానికి చోటుండదు. కొందరు పచ్చి రసికుడిగా వస్తారు. అది కథకు సరిపోతుంది, కానీ అలాంటివాడి కోసం ఆ పిల్ల ఆత్మ రాత్రంతా ఎందుకు పోరాడాలి అని మనసులో ఓ మూల గునుస్తూనే ఉంటుంది. నాకు నచ్చేది మూడో రకం: ఆటగా మొదలుపెట్టి, మధ్యలో తనకే తెలియకుండా చిక్కుకుపోయినవాడు.

ఎవరు ఏ రకమో తెలుసుకోవడానికి ఒక్క క్షణం చాలు. వేట బృందంతో వచ్చిన బతిల్డ్ అతన్ని రైతు బట్టల్లో చూసి "ఇదేమిటి?" అన్నట్టు చూస్తుంది. అతను ఆమె చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకోవాలి. నిలబడి చూస్తున్న జిజెల్ ఎదుటే. తడుముకోకుండా, అలవాటైన దర్బారీ మర్యాదతో వంగినవాడు ఒక మనిషి. చెయ్యి అందుకుని, వంగే ముందు ఓ అరక్షణం ఆగినవాడు వేరే మనిషి. ఒక సీజన్లో, నేను పేరు కూడా పెద్దగా వినని ఒక కుర్రాడు అక్కడ జిజెల్ వైపు చూడబోయి, చూడలేక, తల వంచేశాడు. ఆ తర్వాత మతి చలించే ఘట్టంలో హాల్లో దగ్గు కూడా వినిపించలేదు. అదే సీజన్లో నేను చాలా ఎక్కువ పెట్టి కొన్న మరో రాత్రి, అందమైన గంతులు వేసే ఆల్‌బ్రెక్ట్ ఒకతను ఆ చోట ఫోటోకు నిలబడ్డట్టు నిలబడ్డాడు. జిజెల్ ఎంత ఏడ్చినా ఏం లాభం, ఆమె ఏడుస్తున్నది ఎవరి గురించో మనకు తెలియనప్పుడు.

రెండో అంకంలో ఆల్‌బ్రెక్ట్‌ను మిర్తా ఆడించే చోట ఇంకో తేడా ఉంది. అలసి సొలసి ఉన్నవాడు ఉన్నచోటనే నిటారుగా పైకెగురుతూ, గాల్లో పాదాలు కత్తెరలా ఆడించడం ఒక పద్ధతి. వీటిని ఆంట్రషా అంటారు. ఒకటి తర్వాత ఒకటి ఇరవై, ముప్ఫై దాకా వేస్తారు. హాల్లో సగంమంది లోలోపల లెక్కపెడుతుంటారు, అయిపోగానే చప్పట్లు మోగిపోతాయి. వేదికకు అడ్డంగా ఐమూలగా, చిన్న చిన్న గంతులతో మిర్తా వైపు సాగడం రెండో పద్ధతి. నర్తకుడికి ఏది బాగా వస్తే అది ఎంచుకుంటారు. చప్పట్లు మొదటిదానికే ఎక్కువ. నా ఓటు రెండోదానికి. కాళ్ళు తన మాట వినడం లేదు, ఆవిడ లాగుతోంది అని అప్పుడే తెలుస్తుంది.

ఇక జిజెల్. ఇంట్లో కూర్చుని తేడా చూడాలనుకునేవాళ్ళకు ఇదే ప్రొడక్షన్ మూడు రికార్డింగులుగా దొరుకుతుంది: 2006లో అలీనా కొజొకారు, యోహాన్ కోబోర్గ్, 2014లో నతాలియా ఒసిపోవా, కార్లోస్ అకోస్టా, 2016లో మారియనేలా నూన్యెజ్, వదీమ్ ముంతగీరోవ్. ప్రతి జంటలో మొదటి పేరు జిజెల్‌ది. ముగ్గురు జిజెల్‌లూ ముగ్గురే. కొజొకారు మొదటి అంకంలో గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉంటుంది, ఈ పిల్ల ఎక్కువ కాలం బతకదని మొదటే తెలుస్తుంది. ఒసిపోవా అందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆమె ఒంట్లో బతుకు పొంగుతుంటుంది. అందుకే మతి చలించినప్పుడు చూడటం కష్టం, అందంగా కనిపించాలన్న ధ్యాసే వదిలేస్తుంది. రెండో అంకంలో ఆమె ఆత్మగా మేల్కొని గిర్రున తిరిగే తిరుగుడు ఒకసారి చూస్తే మరి మరుపురాదు. నూన్యెజ్ దగ్గర నాకు నచ్చేది మనసులోని వెచ్చదనం, అడుగులోని నిబ్బరం. సమాధి దగ్గర వయోలా (వయొలిన్ లాంటిదే, కాస్త పెద్దది) ఒంటరిగా పలికే చోట కాలు నెమ్మదిగా, ఎక్కడా వణక్కుండా పైకి లేస్తుంటే మనం ఊపిరి బిగబట్టి కూర్చుంటాం.

ఆ వయోలా ఘట్టంలోనే ఒక చిరాకు కూడా ఉంది. ఈ మధ్య కొన్ని రాత్రుల్లో సంగీతం మరీ నెమ్మదించిపోతోంది. నర్తకి కాలు ఎంత ఎత్తుకు లేపగలదో, ఎంతసేపు నిలపగలదో చూపించడానికి వీలుగా వాద్యబృందం ఆగి ఆగి వాయిస్తుంది. పాట పాటగా ఉండదు, ముక్కలవుతుంది. కాలు ఎత్తు తక్కువైనా ఫరవాలేదు, స్వరం తెగకుండా చేసిన ఒక జిజెల్‌ను చూశాను. ఆమెకు చప్పట్లు మామూలుగానే పడ్డాయి. నాకు మాత్రం ఆ రాత్రి ఆత్మ అంటే ఏమిటో అర్థమైంది.

పీటర్ రైట్ పెట్టిన ఒక మెలిక పాత్రధారిని బట్టి ఒక్కోసారి తెలుస్తుంది, ఒక్కోసారి తెలియదు. చాలా ప్రొడక్షన్లలో జిజెల్ గుండె పగిలి చనిపోతుంది. ఇక్కడ ఆల్‌బ్రెక్ట్ కత్తితో పొడుచుకుంటుంది. అందుకే ఆమెను చర్చి ఆవరణలో కాక అడవిలో పాతిపెట్టారన్నది తర్కం. కొందరు ఆ పోటు స్పష్టంగా చూపిస్తారు. కొందరు ఎంత సుతారంగా చేస్తారంటే, పక్క సీటువాళ్ళు విరామంలో "కత్తితోనా, గుండెపోటా?" అని అడుగుతారు. తెలిసేట్టు చెయ్యడమే మేలు. రెండో అంకమంతా ఆ ఒక్క పోటు మీద నిలబడి ఉంది.

టికెట్ల పేజీలో ఇద్దరి పేర్లే కళ్ళకు కడతాయి గానీ, రెండో అంకాన్ని మొదలుపెట్టేదీ నడిపేదీ మిర్తా. మునివేళ్ళ మీద, పాదం కదులుతున్నట్టే తెలియకుండా, వేదికకు ఆ చివర నుంచి ఈ చివరకు జారుకుంటూ వస్తుంది. వెంటనే భారీ గంతులు. ఊపిరి ఆడని పని అది. ఆ ఆయాసం కనపడిందా, రాణి పోయి మనిషి మిగులుతుంది. కోపంగా కనుబొమ్మలు ముడిచే మిర్తాలు నాకు నచ్చరు. కోపం ఉందంటే మనసు ఉన్నట్టు. ఆల్‌బ్రెక్ట్ కాళ్ళ మీద పడ్డప్పుడు తల పక్కకు తిప్పుకోవడం తప్ప ఏమీ చెయ్యని మిర్తా ముందు భయం పుడుతుంది. ఇందాక చెప్పిన 2006 రికార్డింగులో మిర్తా ఎవరనుకున్నారు? నూన్యెజే. పదేళ్ళ తర్వాత అదే సమాధి దగ్గర జిజెల్‌గా ఆల్‌బ్రెక్ట్‌కు అడ్డు నిలిచిన మనిషి, అప్పుడు అతన్ని చంపమన్న మనిషి. రెండూ వరసగా చూడండి, ఆ గంతుల్లోని పదును జిజెల్‌లో ఎలా కరిగిందో తెలుస్తుంది.

విలీల బృందం గురించి పోల్చి చెప్పేదేమీ లేదు. ఎవరు ప్రధాన పాత్ర వేసినా వీళ్ళు వీళ్ళే. తెల్లటి బట్టల్లో ఒంటికాలి మీద గెంతుతూ రెండు వరసలు ఎదురెదురుగా వచ్చి ఒకదాన్లోంచి ఒకటి దాటిపోయే చోట, జంట ఏదైనా సరే, చప్పట్లు ఖాయం.

హిలారియన్‌ను చాలామంది విలన్‌గా చేసి చేతులు దులుపుకుంటారు. పాపం అతను చేసిందల్లా నిజం చెప్పడం. అబద్ధం చెప్పినవాడు బతికి బయటపడతాడు, నిజం చెప్పినవాణ్ణి విలీలు ఆడించి చంపుతాయి. ఈ అన్యాయం హాల్లో ఎవరికీ పట్టకపోవడం నాకెప్పుడూ వింతే. మంచి హిలారియన్ దొరికిన రాత్రి మాత్రం పడుతుంది. సమాధి మీద పడి ఏడ్చే చోట అతను నిజంగా ఏడిస్తే, తర్వాత వచ్చే ఆల్‌బ్రెక్ట్ చేతిలోని లిల్లీ పూలు కాస్త కృతకంగా కనిపిస్తాయి. కనిపించాలి కూడా.

జిజెల్ తల్లి బెర్త్ మీద మన కళ్ళు ఎక్కువసేపు నిలుస్తాయి. కూతురికి విలీల కథ చెప్పి హెచ్చరించే ఆమె మూకాభినయాన్ని రైట్ పూర్తిగా ఉంచాడు. పిడికిళ్ళు బిగించి మణికట్లు అడ్డంగా పెడితే చావు. తలపైన చేతులు ఒకదాని చుట్టూ ఒకటి తిప్పితే నాట్యం. ఉంగరపు వేలు చూపితే పెళ్ళి. కూచిపూడి చూస్తూ పెరిగిన కళ్ళకు ఈ ముద్రలు బోసిగా అనిపించొచ్చు. కానీ వయసు మళ్ళిన నర్తకి ఒకామె, కళ్ళు పెద్దవి చెయ్యకుండా, చేతులతోనే ఆ అడవిని మొత్తం తెచ్చి పెరట్లో పెట్టిన రాత్రి ఒకటుంది. చుట్టూ ఉన్న పల్లె పిల్లలు నిజంగానే జడుసుకున్నట్టు దగ్గరికి జరిగారు.

మొదటిసారి వెళ్ళేవాళ్ళు పెద్ద పేర్ల కోసం పాకులాడకండి. సీజన్ చివరి వారాల్లో, ముఖ్యంగా శనివారం మధ్యాహ్నం ఆటల్లో, తరచుగా కొత్తవాళ్ళకు మొదటి అవకాశం ఇస్తారు. సాంకేతికంగా ఒకటీ అరా తడబాటు ఉండొచ్చు, కానీ బెరుకు కూడా జిజెల్ పాత్రకు పనికొస్తుంది. రెండోసారి వెళ్ళేటప్పుడు పేరున్న జంటను చూడండి. ఒక జంటను చూసిన వారంలోపే రెండోదాన్ని చూస్తేనే తేడా తెలుస్తుంది, ఏడాది గడిస్తే అన్నీ కలిసిపోతాయి.

సీట్ల విషయం. పై అంతస్తు సీట్ల (ఆంఫీథియేటర్) నుంచి విలీల వరసలు ముగ్గు వేసినట్టు కనిపిస్తాయి, ముఖాలు మాత్రం కనిపించవు. చేతిలో చిన్న బైనాక్యులర్ ఉంటే సరి. పక్కవైపు చవక సీట్లు ఈ బ్యాలేకు వద్దు. మొదటి అంకంలో ఒక పక్క జిజెల్ ఇల్లు, ఎదుటి పక్క ఆల్‌బ్రెక్ట్ కత్తి దాచే గుడిసె. ఏ పక్క మరుగైనా కథలో ముక్క పోతుంది. దానికంటే మధ్యభాగంలో నిలబడి చూసే చోటు నయం, కాళ్ళు లాగినా అంతా కనిపిస్తుంది. అమ్ముడైపోయిన రోజులకు శుక్రవారం మధ్యాహ్నం ఒంటిగంటకు ఆన్‌లైన్లో కొన్ని టికెట్లు వదులుతారు. దాన్ని ఫ్రైడే రష్ అంటారు, పేరుకు తగ్గట్టే ఉంటుంది.

దెబ్బలు తగలడం ఈ వృత్తిలో మామూలు, కాబట్టి పేర్లు చివరి నిమిషంలోనూ మారతాయి. మారితే డబ్బు వెనక్కి రాదు. బయల్దేరే ముందు ఆ రోజు జాబితా చూసుకోండి. జిజెల్ మారిందని కనిపిస్తే కంగారుపడి టికెట్టు ఎవరికో ఇచ్చెయ్యకండి, కింద ఆల్‌బ్రెక్ట్ ఎవరో, మిర్తా ఎవరో కూడా చదవండి. వాళ్ళిద్దరూ నేను పైన చెప్పిన రకమైతే, వచ్చే జిజెల్ ఎవరైనా సరే, వెళ్ళండి.