మొత్తం తీయించడమా, రొమ్ము నిలుపుకోవడమా?

మా వదినకు రొమ్ములో రెండు సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ తేలగానే, చెన్నైలో మొదట చూసిన డాక్టరు రొమ్ము మొత్తం తీసేయాలన్నారు. వేరే దారి ఉందని చెప్పనేలేదు. ఆ బాధ నాకు ఇంకా పోలేదు. బయాప్సీ స్లైడ్లు, మామోగ్రామ్ ఫిల్ములు పట్టుకుని మరో సర్జన్‌ను కలిశాం.

గడ్డనూ చుట్టూ కొంత కణజాలాన్నీ మాత్రమే తీస్తే రొమ్ము నిలుస్తుంది. అయితే తర్వాత సాధారణంగా 3 నుంచి 5 వారాలు రేడియేషన్‌కు తిరగాలి. తీసిన భాగం అంచుల్లో క్యాన్సర్ కణాలు కనిపిస్తే మళ్లీ ఆపరేషన్ తప్పదు. నెల్లూరు నుంచి వచ్చి గది అద్దెకు తీసుకునేవారికి ఇది చిన్న భారం కాదు. మొత్తం తీయిస్తే చాలామందికి రేడియేషన్ అక్కరలేదు. చంక గ్రంథులకు పాకితే మాత్రం అవసరం పడవచ్చు.

మరి ప్రాణానికి ఏది భద్రం? తొలిదశలో రెండూ సమానమే. అమెరికా, ఇటలీల్లో 20 ఏళ్లపాటు రోగులను గమనించి 2002లో ప్రచురించిన అధ్యయనాలు ఇదే తేల్చాయి. అదే రొమ్ములో మళ్లీ వచ్చే అవకాశం మాత్రం రొమ్ము నిలుపుకునే పద్ధతిలో కొంచెం ఎక్కువ. ఇంతకుముందు అక్కడ రేడియేషన్ జరిగి ఉంటే సాధారణంగా మొత్తం తీయించమనే చెబుతారు.

అన్నీ విన్నాక వదిన రొమ్ము నిలుపుకోవడానికే మొగ్గింది.