రాషీ ఊరికి రెండు రోజులు చాలవు

ఈ మే నెలలో నేను, నా భార్య పన్నెండు రోజులపాటు స్పెయిన్‌లోని కోర్డోబా, జిరోనా, ఫ్రాన్సులోని త్రువా, జర్మనీలోని వోర్మ్స్ అనే నాలుగు ఊళ్ళు చూసి వచ్చాము. యూదు తత్త్వచింతన అనగానే చాలామందికి లాగే నాకు కూడా ముందుగా గుర్తుకు వచ్చే పేరు మైమోనిడీస్. అందుకే ఆయన పుట్టిన కోర్డోబాకు నాలుగు రోజులు కేటాయించి, యూదుల ధర్మగ్రంథమైన తోరాకు వ్యాఖ్యానం రాసిన రాషీ ఊరైన త్రువాకు రెండు రోజులే ఉంచాను. తత్త్వవేత్తకు ఎక్కువ, వ్యాఖ్యాతకు తక్కువ అన్న ఆ లెక్క తప్పని ప్రయాణం సగంలోనే తెలిసిపోయింది.

కోర్డోబాలో మైమోనిడీస్ గడిపింది బాల్యం మాత్రమే. 1138 ప్రాంతంలో పుట్టారు. 1148లో ఉత్తరాఫ్రికా ముస్లిం పాలకులైన అల్మొహాద్‌లు నగరాన్ని పట్టుకున్న తరువాత కుటుంబం ఊరు విడిచింది. ఆయన రచనలలో ముఖ్యమైనవి కైరో పక్కనున్న ఫుస్తాత్‌లో, వైద్యవృత్తి సాగిస్తూ రాసినవి. యూదుల వీధిలో మిగిలిన ప్రార్థనామందిరం 1315 నాటిది, అంటే ఆయన కన్నుమూసిన 111 ఏళ్ళకు కట్టినది. గది పక్కకు ఏడు మీటర్లు కూడా ఉండదు. గోడల మీది సున్నపు నగిషీలో హీబ్రూ అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి కాబట్టి తప్పక చూడవలసినదే, అయితే అరగంట చాలు. దగ్గరలోని చిన్న కూడలిలో ఆయన కంచు విగ్రహం ఉంది. వచ్చినవారంతా తాకి తాకి దాని పాదాలు పసిడిలా మెరుస్తున్నాయి. ఆయన తత్త్వగ్రంథంలో పాదం అనే మాటకే ఒక అధ్యాయం ఉంది. ధర్మగ్రంథంలో దేవునికి పాదాలున్నాయని వస్తే దానిని అక్షరార్థంలో తీసుకోరాదని చెప్పే అధ్యాయం అది. నన్ను ఆలోచింపజేసిన విషయం ఇక్కడే ఉంది. ఆ తత్త్వగ్రంథం మొదటి అధ్యాయం కూడా తోరా మొదటి కాండమైన ఆదికాండంలోని 'స్వరూపం' అనే మాటకు అర్థనిర్ణయమే. మనం శుద్ధ తత్త్వం అనుకునేది కూడా ఒక పదానికి రాసిన వ్యాఖ్యగానే మొదలవుతున్నది.

కోర్డోబాలో బస విషయంలో మాత్రం జాగ్రత్త పడాలి. మే మొదటి పక్షంలో ఇళ్ళ లోగిళ్ళను పూలతో అలంకరించే పండుగ జరుగుతుంది కాబట్టి గదుల అద్దెలు బాగా పెరుగుతాయి. త్రువాలో రోజుకు ఇచ్చినదానికి ఇక్కడ రెట్టింపు ఇచ్చాము. పాతపేటలో మేము దిగిన చోట, సామాను మోయడానికి మనిషిని పంపుతామని ఫోనులో చెప్పి ఎవరినీ పంపలేదు. టాక్సీ ఆగిన చోటి నుంచి గులకరాళ్ళ సందుల్లో పెట్టెలు మేమే లాగుకుంటూ వెళ్ళాము. గదిలో రాసుకోవడానికి బల్ల లేదు, చదువుకోవడానికి సరైన దీపం లేదు. రైల్వే స్టేషను దగ్గర గది తీసుకుంటే యూదుల పేటకు ఇరవై నిమిషాల నడక, అంతే. శాకాహారులకు ఒక మాట: సల్మొరేహో అనే చల్లటి టమాటా సూపు బాగుంటుంది కానీ దాని మీద పంది మాంసం, గుడ్డు ముక్కలు చల్లి ఇస్తారు, వద్దని ముందే చెప్పాలి.

బార్సిలోనా నుంచి వేగరైలులో నలభై నిమిషాలు వెళితే జిరోనా. ఇది తోరాకు వ్యాఖ్యానం రాసిన మరో పండితుడు నఖ్మానిడీస్ ఊరు. పేర్ల పొడి అక్షరాలతో మైమోనిడీస్‌ను రాంబం అనీ, నఖ్మానిడీస్‌ను రాంబాన్ అనీ పిలుస్తారు, కొత్తవారు తికమకపడడం సహజం. ఫోర్సా వీధిలోని యూదు చరిత్ర ప్రదర్శనశాలలో మోంజుయిక్ గుట్ట మీది పాత శ్మశానం నుంచి తెచ్చిన హీబ్రూ సమాధిశిలలు ఉన్నాయి. ఆ గదిలో అక్షరాల ఎదుట నిలబడి చదువుకునే తీరిక దొరుకుతుంది, ఎవరూ తొందరపెట్టరు. నేను ఆదికాండం పద్దెనిమిదవ అధ్యాయం పుటలను వ్యాఖ్యానాలతో సహా అచ్చు తీసి వెంట తెచ్చుకున్నాను. అబ్రాహాము గుడారం వద్దకు ముగ్గురు మనుషులు వచ్చిన ఘట్టం అది. అదంతా ప్రవక్త దర్శనంలో జరిగినదని మైమోనిడీస్ అంటారు. ఆ మాటలు ధర్మగ్రంథానికి విరుద్ధం, నమ్మడం అటుంచి వినడం కూడా తగదని నఖ్మానిడీస్ అదే చోట ఖండిస్తారు. అంత తీవ్రంగా ఖండించిన ఈయనే, 1232 ప్రాంతంలో మైమోనిడీస్ గ్రంథాల మీద నిషేధం వచ్చినప్పుడు, దానిని సడలించమని ఫ్రాన్సు పండితులకు లేఖ రాశారు. పూర్వపక్షాన్ని ఖండించవచ్చు గానీ అది లేకుండా చేయకూడదన్న ఆ నిష్ఠ నన్ను కదిలించింది. లేవీయకాండంలోని 'పవిత్రులై ఉండండి' అనే వాక్యానికి ఆయన రాసినది మరీ గొప్పది: తోరా అనుమతించిన హద్దులు దాటకుండానే మనిషి నీచుడు కాగలడు, కనుక ఆ ఆజ్ఞ హద్దులకు లోపలి నడవడి గురించినది అంటారు. ధర్మశాస్త్రం గురించి ఇంతకన్నా లోతైన మాట నేను పెద్ద తత్త్వగ్రంథాల్లో చదవలేదు.

1263లో రాజు ఎదుట బార్సిలోనాలో మతవాదం నడిపి, ఆ తరువాత దేశం విడిచి, 1267లో యెరూషలేము చేరిన మనిషి ఆయన. ఆయన ఊరిలో మేము ఓన్యార్ నదికి అవతల కొత్తపేటలో ఒక కుటుంబం నడిపే చిన్న బసలో ఉన్నాము. కిటికీ పక్కన బల్ల, నిశ్శబ్దం, అడగకుండానే ఇచ్చిన రెండో దుప్పటి. పన్నెండు రోజుల్లో మాకు దొరికిన మంచి బస అదే.

జిరోనా నుంచి రైలులో పారిస్, అక్కడ ఈస్ట్ స్టేషనుకు మారి గంటన్నర ప్రయాణంతో త్రువా చేరవచ్చు. కర్రచట్రాల పాత ఇళ్ళున్న అందమైన ఊరు. రాషీ 1040లో ఇక్కడే పుట్టి 1105లో కన్నుమూశారు. ఆయన సమాధి ఆనవాలు మిగలలేదు. 1990 నాటి గోళాకారపు స్మారకం ఒకటి ఉంది. బ్రున్‌వాల్ వీధిలోని రాషీ భవనంలో ప్రార్థనామందిరం, అధ్యయన కేంద్రం ఉన్నాయి. ముందుగా సమయం ఖాయం చేసుకుని వెళ్ళాలి, శనివారం పెట్టుకోకూడదు. మాకు చూపించినవారు పుటను ఎలా చదవాలో ఓపికగా వివరించారు: నడుమ మూలం, చుట్టూ వ్యాఖ్యాతలు, ఒకే పుట మీద శతాబ్దాల ఎడంగా పుట్టినవారు వాదించుకుంటూ ఉంటారు.

నిర్గమకాండంలో ప్రధానయాజకుని ఏఫోదు అనే వస్త్రం ప్రస్తావన వస్తుంది. దాని ఆకారం గురించి తాను వినలేదని, ఎక్కడా చదవలేదని రాషీ ముందే ఒప్పుకుంటారు. గుర్రపు స్వారీ చేసే దొరసానులు కట్టుకునే నడుముగుడ్డ లాంటిదని తన మనసు చెబుతున్నదని రాసి, దానికి తన ఊరి ఫ్రెంచి మాట పోర్సెంట్‌ను హీబ్రూ లిపిలో పెడతారు. మరొక చోట, రిబ్కాను యాకోబు, ఏశావుల తల్లి అని వాక్యం మళ్ళీ ఎందుకు చెప్పిందో 'నాకు తెలియదు' అని వ్యాఖ్య రాస్తారు. ఊరుకుని ముందుకు వెళ్ళవచ్చు. కానీ ప్రశ్న అక్కడ ఉందని చూపడం కూడా వ్యాఖ్యాత పనేనని ఆయన భావించారు. సరళార్థం కోసం, వాక్యాన్ని కుదురుగా నిలబెట్టే కథ కోసం మాత్రమే వచ్చానన్న ఆయన మాట చదివినప్పుడు, మూలంలో లేనిది రాయను, అవసరం లేనిది చెప్పను అన్న మన సంస్కృత కావ్యాల వ్యాఖ్యాత కొలచెలమ మల్లినాథసూరి నాకు గుర్తుకు వచ్చారు. రాషీని తత్త్వవేత్తల జాబితాలో చేర్చనివారు జ్ఞానానికి హద్దు ఎక్కడో తెలుసుకోవడం కూడా తత్త్వమేనని మరచిపోతున్నారు.

త్రువాలో గది శుభ్రంగా, చవకగా ఉంది. భోజనానికి మాత్రం ఇబ్బందిపడ్డాము. ఊరి ప్రసిద్ధ వంటకం ఆందుయెట్ పంది పేగులతో చేస్తారు. రెండు పూటలూ రొట్టె, జున్ను, పండ్లతో గడిపాము.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా అమ్మాయి ఇంట్లో దిగి వోర్మ్స్ చూసి వచ్చాము. రాషీ యువకుడిగా చదువుకున్న ఊరు ఇది. రాషీ పేరుతో చూపే గది 1624 నాటిది. 1938లో తగలబెట్టిన యూదు ప్రార్థనామందిరాన్ని 1961లో తిరిగి కట్టారు. అసలు చూడవలసినది యూదుల పాత శ్మశానం. మగవారు తల కప్పుకోవాలి, టోపీ వెంట ఉండాలి. వంగిపోయిన శిలల నడుమ నిలబడితే దూరాన పెద్ద చర్చి గోపురాలు కనిపిస్తాయి. 1933లో యూదు తత్త్వవేత్త మార్టిన్ బూబర్ ఒక క్రైస్తవ పండితునితో సంవాదంలో ఈ చోటునే తలచుకుని, ఆ చర్చికి ఉన్న సౌష్ఠవం తమకు లేకున్నా దేవునితో తమ ఒడంబడిక రద్దు కాలేదన్నారు.

ఈసారి వెళితే కోర్డోబాకు ఒక్క రోజు, త్రువాకు నాలుగు రోజులు. ఈశాన్యంగా ఉన్న రామెరు అనే ఊరు చూడడానికి మాకు సమయం మిగలలేదు. రాషీ మనుమడు రష్బాం అక్కడివారు. తీరిక ఉంటే రోజూ కొత్తగా తోచే సరళార్థాల ప్రకారం తన వ్యాఖ్యానాలను మళ్ళీ రాసి ఉండేవాడినని తాతగారు తనతో ఒప్పుకున్నట్లు ఆయన రాసిపెట్టారు.